ఒకటి నొక్కమన్న గొంతు

"ఏమ్మా, నీ గొంతు వాళ్ళకి ఎంతకి అమ్మావు?"

నర్సమ్మ తమ్ముడు ఆ మాట మెట్ల మీద నిలబడి అడిగాడు, మూడంతస్తుల వాళ్ళకీ వినపడేలా. అది ప్రశ్న కాదు, తిట్టు. తిట్టుకి ఏడుపో ఎదురుతిట్టో జవాబుగా వస్తుంది. టోకెనమ్మకి మాత్రం ధర అడిగితే ధర చెప్పడమే అలవాటు. చేతిలో పాల ప్యాకెట్టు పట్టుకుని, "వాక్యానికి నలభై. అంకెలకి విడిగా," అంది.

కింది వాటాలో టైలరు కిసుక్కుమన్నాడు. ఆ జవాబు సాయంత్రానికల్లా భవనమంతా తిరిగొచ్చింది. కొందరు పొగరన్నారు, కొందరు తిక్క అన్నారు. రెండూ కాదు. అప్పటికి ఆవిడకి సరిగ్గా నిద్రపట్టి చాలా కాలమైంది, బుర్ర మొద్దుబారిపోయింది, నిజం తప్ప వేరే ఏదీ నోటికి రాలేదు.

టోకెనమ్మ అన్నది పెట్టిన పేరు కాదు, అంటుకున్న పేరు. పెద్దాసుపత్రిలో "టోకెన్ నంబరు నూట పన్నెండు, నాలుగో గదికి రండి" అని పిలిచే గొంతు ఆవిడది. బస్టాండులో ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో చెప్పేదీ ఆవిడే. లిఫ్టులో తలుపులు మూసుకుంటున్నాయని హెచ్చరించేదీ, గ్యాసు బుక్ చెయ్యడానికి ఒకటి నొక్కమనేదీ ఆవిడే. ఊళ్ళో ఆవిడ మొహం తెలిసినవాళ్ళు పాతిక మంది ఉంటారేమో. గొంతు తెలియనివాళ్ళు లేరు. కూరగాయల కొట్టులో "అరకిలో బెండకాయలివ్వు" అంటే పక్కవాళ్ళు చటుక్కున తల తిప్పి, ఎక్కడ విన్నామా అని తడుముకునేవాళ్ళు.

మొగుడు లిఫ్టు మెకానిక్కు. "ఊరందరికీ దారి చెప్తావు, ఇంట్లో నా చెప్పులెక్కడున్నాయో మాత్రం చెప్పవు," అనేవాడు. "నువ్వు తిట్టినా మనవి చేసుకుంటున్నట్టే ఉంటుందే. కోపం తెచ్చుకుందామన్నా కుదరదు."

"అయితే తొమ్మిది నొక్కండి. ఫిర్యాదులు అక్కడ తీసుకుంటారు," అనేది ఆవిడ.

ఆ పని బయటికి కనిపించినంత తేలిక కాదు. స్టూడియో అంటే టైర్ల షాపు పైన ఒక గది. గోడలకి స్పాంజి, తలుపుకి పాత పరుపు. కింద గాలి కొట్టే కంప్రెసర్ మొదలైతే ఆపి కూర్చోవాలి, అది ఆగాక మళ్ళీ మొదలు. అంకెలు వరసగా చదివితే పనికిరావు. ఒక్కో అంకెనీ మూడు రకాలుగా చదవాలి: సంఖ్య మొదట్లో వచ్చినట్టు, మధ్యలో వచ్చినట్టు, చివర దిగినట్టు. ఆ ముక్కల్ని తర్వాత కంప్యూటరు కలుపుకుంటుంది. ముక్క ముక్కలోనూ ఒకే దయ ఉండాలి. అందుకని చదివినంతసేపూ పెదవుల మీద చిన్న నవ్వు పెట్టుకునేది. నవ్వు మైకులో కనపడదు, వినపడుతుంది. ఈ సంగతి ఆవిడకి ఎవరూ నేర్పలేదు. ఆసుపత్రిలో టెలిఫోన్ ఆపరేటరుగా ఉన్న రోజుల్లో, అవతలివాళ్ళు ఏడుస్తూ ఫోన్ చేసినప్పుడు ఎలా మాట్లాడితే నెమ్మదిస్తారో తనే కనిపెట్టింది.

ఆ రోజుల్నుంచే నర్సమ్మ పరిచయం. నర్సమ్మ అదే ఆసుపత్రిలో పిల్లల వార్డు చూసి రిటైరయ్యి, ఈ భవనంలోనే కింద వెనకగదిలో ఒంటరిగా ఉంటోంది. పెళ్ళి చేసుకోలేదు. తీరిక దొరకలేదని చెప్పేది. కళ్ళు పాడయ్యాయి. మనిషి అంచులు కనిపిస్తాయి, మధ్యలో మొహం ఉండాల్సిన చోట మసక. అందుకని లోకాన్ని చెవులతోనే నడిపేది. ఫోన్లో టోకెనమ్మ రికార్డు వినపడితే దానితో మాట్లాడేది కూడా.

"నిన్న గ్యాసుకి ఫోన్ చేశా. ఒకటి నొక్కమన్నావు. సరే తల్లీ, నొక్కుతున్నా ఉండు అన్నా. వినిపించుకోకుండా మళ్ళీ నొక్కమన్నావు. అంత తొందరేమిటే నీకు?"

"అది నేను కాదక్కా. ఎప్పుడో చదివి ఇచ్చేశాను. యంత్రం."

"యంత్రమైతే ఏం, నోరు నీదేగా. పిలిచినప్పుడు పలక్కపోతే ఎలా?"

ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు. అందులో తప్పేముందని అప్పుడు ఎవరికీ అనిపించలేదు.

ఆ ఆర్డరు మామూలుగానే వచ్చింది. స్టూడియో నడిపే ఆయన్ని ఆవిడ బాబాయ్ అంటుంది. వరస లేదు, అలవాటు. ఏదో కొరియర్ కంపెనీ ఈమెయిల్లో స్క్రిప్టు పంపిందనీ, సగం డబ్బు ముందే వేసిందనీ చెప్పి కాగితం చేతికిచ్చాడు. "మీ పేరున వచ్చిన పార్సెల్‌ను తనిఖీ కోసం నిలిపివేశాం. అధికారితో మాట్లాడటానికి ఒకటి నొక్కండి." తర్వాత, "దయచేసి లైన్‌లోనే ఉండండి. మీ భద్రత మా బాధ్యత." ఇలాంటివే ఇంకొన్ని. అంకెలు మామూలే, అక్షరాలు కొన్ని.

"పార్సెల్ ఆగితే అధికారి దేనికి బాబాయ్? పోస్టాఫీసుకి వెళ్ళి తెచ్చుకోమంటే సరిపోదూ?"

"మనం చదివేవాళ్ళం అమ్మడూ, రాసేవాళ్ళం కాదు. కంప్రెసర్ ఆగింది, కానీ."

చదివింది. అధికారి అన్న మాట ఉంది కదా అని కాస్త బిగించి చదివింది. అవతలివాళ్ళు అది వెనక్కి పంపారు. భయపెట్టొద్దు, ఆసుపత్రి టోకెన్ గొంతులా మెత్తగా కావాలి అన్నారు. తన పని అంత శ్రద్ధగా విన్నవాళ్ళు ఇన్నేళ్ళలో లేరని ఆవిడకి సంబరమే అయింది. ఇంటికొచ్చి మొగుడికి చెప్పుకుంది కూడా.

కొన్ని నెలలకి, ఒక పొద్దున నర్సమ్మకి ఆ ఫోను వచ్చింది. పార్సెల్ నిలిపివేశాం అంది టోకెనమ్మ గొంతు. "నాకు పార్సెల్ ఎవరు పంపుతారే," అంటూనే నర్సమ్మ ఒకటి నొక్కింది. లైన్లోకి మగగొంతు వచ్చింది, అధికారినన్నాడు. మీ పేరున వచ్చిన పెట్టెలో మత్తుమందు దొరికిందన్నాడు. మీ గుర్తింపు కార్డు ఎవరో వాడారు, మీరు నిర్దోషి అని నాకు తెలుసు, అయినా మీ డబ్బు ఎక్కడిదో తేల్చాలి, ప్రభుత్వ ఖాతాలోకి పంపితే చూసి సాయంత్రానికి తిరిగి వేసేస్తాం అన్నాడు. మోసపోయేవాళ్ళందరూ ఆశపోతులని తేల్చేసే పెద్దమనుషులు చాలామంది ఉన్నారు. నర్సమ్మ దేనికీ ఆశపడలేదు. తన పేరు మచ్చ లేకుండా ఉండాలనుకుంది, అంతే.

మధ్యలో ఒకసారి ఆవిడకి అనుమానం రాకపోలేదు. "ఇందాక మాట్లాడిన పిల్ల మా పైవాటాలోనే ఉంటుంది బాబూ. దాన్నొకసారి అడిగి వస్తా," అంది.

అవతలివాడు ఆ మాటే అందుకుని, "అవునమ్మా, మా స్టాఫే," అన్నాడు. "కేసు సంగతి మీకు ముందే తెలిసిందంటే ఆ అమ్మాయి చెప్పిందనుకుంటారు. ఉద్యోగం పోతుంది, జైలు కూడా కావచ్చు. మీ ఇష్టం." ఆ మాట అని, లైను రికార్డుకి మార్చాడు. దయచేసి లైన్‌లోనే ఉండండి, మీ భద్రత మా బాధ్యత అంది టోకెనమ్మ గొంతు, పెదవుల మీద నవ్వుతో.

నర్సమ్మ ఫోను కట్ చెయ్యకుండా సంచిలో పెట్టుకుని ఆటోలో బ్యాంకుకి వెళ్ళింది. ఫిక్స్‌డ్ డిపాజిట్ విడగొట్టమంది. కౌంటర్లో పిల్లాడు "ఇంత డబ్బు ఎవరికండీ?" అని అడిగాడు. బంధువులకి అని చెప్పమన్నారు కాబట్టి బంధువులకి అంది. వాడు ఇంకో ప్రశ్న అడగలేదు. వెనక వరస పొడుగ్గా ఉంది, పైగా ఆవిడ సంతకం సరిగ్గానే ఉంది. పిల్లల వార్డులో రాత్రింబవళ్ళు చేసిన ఉద్యోగమంతా కలిపి నాలుగు లక్షల అరవై వేలు. కిటికీ పక్కన గోడకి, జాగ్రత్త అని పెద్ద అక్షరాలతో పోస్టరు ఉంది. నర్సమ్మకి గోడ కనిపించింది, పోస్టరు కనిపించలేదు.

సాయంత్రానికి డబ్బు రాలేదు. మర్నాడూ రాలేదు. ఎవరికైనా చెబితే పైవాటా పిల్ల చిక్కుల్లో పడుతుందని నర్సమ్మ నోరు మూసుకుంది. ఆ వారమంతా, టోకెనమ్మ మెట్లు దిగుతున్న చప్పుడు వినపడితే తలుపు దగ్గరికి వేసుకునేది. చివరికి ఉండబట్టలేక పైకి వచ్చింది.

"అమ్మాయ్, నేనొచ్చానని మీ ఆఫీసులో చెప్పకు. ఒక్కటి అడిగి పోతా. మీ సారు ఫోనెత్తడం లేదు."

"ఏ సారు అక్కా?"

"పార్సెళ్ళ సారు. నువ్వేగా లైను కలిపావు."

"నేనేం కలిపాను? ఏమన్నాను నేను?"

నర్సమ్మ చెప్పింది. పిల్లలు పాఠం అప్పజెప్పినట్టు మాట పొల్లు పోకుండా చెప్పింది. 'తనిఖీ కోసం' అన్న దగ్గర టోకెనమ్మ ఎంతసేపు ఆగిందో తనూ అంతసేపే ఆగింది. ఆ ఆగడం వినగానే టోకెనమ్మ బియ్యం డబ్బా మీద కూలబడింది.

"ఎంత పంపావక్కా?"

నర్సమ్మ అంకె చెప్పింది. "వచ్చేస్తాయి కదూ? నిన్నేం అనరు కదూ?"

సైబర్ పోలీస్ స్టేషను రెండో అంతస్తులో, మీటర్లు సరిచేసే ఆఫీసు పక్కన. ప్లాస్టిక్ కుర్చీలు, ఒకే ప్లగ్గుకి వేలాడుతున్న ఆరు చార్జర్లు. ఎస్సై చిన్న వయసుది. ఓదార్పు మాటలు చెప్పలేదు, అందుకే టోకెనమ్మకి నచ్చింది.

"ఎప్పుడు పంపారు?" అంది ఎస్సై. నర్సమ్మ చెప్పింది. ఎస్సై పెన్ను కింద పెట్టింది.

"అమ్మా, మొదటి గంటలో ఫోన్ చేసుంటే దారిలో ఆపేవాళ్ళం. హెల్ప్‌లైనుకి చెప్తే బ్యాంకు నుంచి బ్యాంకుకి అప్పటికప్పుడు కబురు వెళ్తుంది, డబ్బు ఉన్నచోట ఉన్నట్టు ఆగిపోతుంది. మీది ఎక్కిన ఖాతా ఒక కాలేజీ కుర్రాడిది. నెలకింత అని తన ఖాతా అద్దెకిచ్చాడు వాడు. అక్కణ్ణుంచి పది నిమిషాల్లో ఇరవై ఖాతాలు. ఆ తర్వాత దేశం దాటింది."

"మరి వాళ్ళు?" అంది టోకెనమ్మ.

"ఎవరు? ఫోన్లో అధికారినన్నవాడా? వాడు ఏదో దేశంలో కంచె వేసిన భవనంలో కూర్చుని ఉండొచ్చు. ఉద్యోగమని తీసుకెళ్ళి, పాస్‌పోర్టు లాక్కుని, రోజుకి ఇంతమందిని పడెయ్యమని కొట్టేవాళ్ళున్నారు. వాణ్ణి పట్టుకున్నా అసలువాడు దొరకడు. డబ్బుకి సరిహద్దులు లేవు. మేము ఒక ఉత్తరం పంపాలంటే మూడు శాఖలు సంతకం పెట్టాలి. అది చేరి, వాళ్ళు తిరిగి రాసేసరికి ఆ భవనంలో అద్దెకి వేరేవాళ్ళుంటారు. దేశాలన్నీ కలిసి ఒకే గంటలో పని చెయ్యాలి. ఖాతాలు అద్దెకిచ్చేవాళ్ళని పట్టుకోవాలి. బ్యాంకు వాడు రెండో ప్రశ్న అడగాలి. ఇవేవీ ఎవరికీ తెలియనివి కావు."

"నామీద కేసు పెట్టండి," అంది టోకెనమ్మ.

"మీరు సాక్షి. స్టూడియోవాళ్ళకొచ్చిన మెయిళ్ళు కావాలి, తీసుకురండి." తర్వాత ఎస్సై కొంచెం మెత్తబడి, "మీరొక్కరే కాదమ్మా. సిమ్ములమ్మిన వాడు, ఖాతా ఇచ్చినవాడు, సర్వరు అద్దెకిచ్చినవాడు, అందరూ ఎవరి పని వాళ్ళు చేశామనే అంటారు," అంది. ఓదార్పుగానే అంది. టోకెనమ్మకి అది ఓదార్పులా వినపడలేదు.

వెతగ్గా వెతగ్గా ఒక ఖాతాలో పద్దెనిమిది వేలు దొరికితే ఆపారు. మిగతాది పోయింది. కబురు తెలిసి నర్సమ్మ తమ్ముడు ఊరి నుంచి దిగింది అప్పుడే. మెట్ల మీద ఆ ప్రశ్న అడిగిందీ అప్పుడే.

టోకెనమ్మ ఒక పట్టు పట్టింది. తన గొంతుతోనే హెచ్చరిక చదువుతానంది. దాన్ని ఖాతాదారులకి ఫోన్లో వినిపించమని ఎస్సై బ్యాంకువాళ్ళతో మాట్లాడింది. బాబాయ్ రికార్డింగుకి డబ్బు వద్దన్నాడు, ఆవిడ మొహం చూడకుండా యంత్రాలు సర్దుకున్నాడు.

"చదవండి కానీ, ఎవరూ వినరు," అంది ఎస్సై. "ఈ గొంతు మోసగాళ్ళదని ఇప్పటికే ఫోన్లలో తిరుగుతోంది. మీరు నోరు తెరవగానే పెట్టేస్తారు."

"పెట్టెయ్యనివ్వండి. అదే కదా కావాల్సింది."

అలాగే జరిగింది. జనం ఆ గొంతు వినగానే ఫోన్ పెట్టెయ్యడం నేర్చుకున్నారు. ఈ వ్యవహారం మొత్తంలో గెలుపు అనదగ్గది అదొక్కటే. దానికి అయిన ఖర్చు ఆవిడ బతుకుతెరువు. గ్యాసు వాళ్ళు మార్చేశారు. బస్టాండులో జనం ఉలిక్కిపడుతున్నారని అక్కడా మార్చేశారు. ఆసుపత్రిలో ఒక ముసలాయన తన టోకెన్ పిలిచినా లోపలికి వెళ్ళకుండా, ఇది దొంగగొంతు, నేను వెళ్ళనని భీష్మించుకుని కూర్చున్నాడట. ఆ మరుసటి వారం నుంచి అక్కడ గంట మోగుతోంది, అంకె తెర మీద పడుతోంది. ఆవిడ గొంతు చివరికి లిఫ్టుల్లో మాత్రం మిగిలింది. మొగుడు ఒక్కో భవనానికి సర్వీసుకి వెళ్ళినప్పుడల్లా అక్కడి కమిటీవాళ్ళు, "ఆ గొంతు తీసెయ్యి బాబూ," అనేవాళ్ళు. తీసేసేవాడు. ఇంటికొచ్చి చెప్పేవాడు కాదు. చెప్పులెక్కడున్నాయని అడగడం మానేశాడు.

అన్నిటికంటే కష్టమైంది ఒక మధ్యాహ్నం వచ్చింది. తన ఫోనే మోగింది. ఎత్తితే తన గొంతే. "మీ కరెంటు కనెక్షన్ ఈ రోజు సాయంత్రం నిలిపివేయబడుతుంది," అంటోంది. ఆ వాక్యం ఆవిడ ఎన్నడూ చదవలేదు. బతుకులో ఒక్కసారి కూడా ఆ మాటలు ఆ వరసలో అనలేదు. ఎస్సై ముందే చెప్పింది: ఇక మీతో వాళ్ళకి పనిలేదమ్మా, మీ అంకెలూ అక్షరాలూ వాళ్ళ దగ్గరున్నాయి, మిగతాది యంత్రం కుట్టుకుంటుందని. విన్నప్పుడు అర్థమైందనుకుంది. ఇప్పుడు అర్థమైంది. అందరికీ పెట్టెయ్యమని చెప్పిన మనిషి తను మాత్రం పెట్టెయ్యలేకపోయింది, చివరిదాకా విన్నది. వాక్యం చివర గొంతు దిగేచోట తన నవ్వు కూడా ఉంది.

నర్సమ్మ ఒక్కనాడూ పల్లెత్తు మాట అనలేదు. అదే భరించలేకపోయేది టోకెనమ్మ. నర్సమ్మ అద్దె కట్టలేక తమ్ముడి ఊరికి వెళ్ళిపోయే ముందు రోజు టోకెనమ్మ సామాను కట్టడానికి కిందికి వెళ్ళింది. ఉన్నది రెండు పెట్టెలు, ఒక కుక్కరు, పాత స్టెతస్కోపు. తలుపు తోసి "అక్కా" అని పిలిచింది. మంచం మీద కూర్చున్న నర్సమ్మ పలకలేదు. మళ్ళీ పిలిచింది. పలకలేదు. దగ్గరికి వెళ్ళి భుజం మీద చెయ్యి వేస్తే అప్పుడు ఆ చేతిని పట్టుకుని వేళ్ళు తడిమి, "ఓ, నువ్వేనా," అంది. "ఏమనుకోకు తల్లీ. ఉత్త గొంతైతే జంకుగా ఉంటోంది. కావాలని కాదు."

"నా తప్పే అక్కా."

"తప్పు నీదీ కాదు, నాదీ కాదు అంటోంది ఆ పోలీసు పిల్ల. మరి డబ్బు ఎవరి దగ్గరున్నట్టు?" అంది నర్సమ్మ. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. తర్వాత, "ఆ కుక్కరు నువ్వు ఉంచుకో. వాడింట్లో రెండున్నాయి," అంది.

నర్సమ్మ వెళ్ళాక టోకెనమ్మ రెండు మూడుసార్లు ఫోన్ చేసింది. హలో అనగానే లైను కట్ అయ్యేది. అది నర్సమ్మ భయమో, తమ్ముడి కోపమో తెలియలేదు. తెలుసుకోవడానికి మళ్ళీ ఫోనే చెయ్యాలి. చెయ్యడం మానేసింది.

ఇప్పుడు మందుల దుకాణంలో బిల్లులు కొడుతోంది. అక్కడ మాట్లాడాల్సిన పని పెద్దగా ఉండదు. జీతం రాగానే కొంత తీసి నర్సమ్మ తమ్ముడి ఖాతాకి పంపుతుంది. మొదటిసారి పంపినప్పుడు ఆయన ఫోన్ చేసి, "ఇదెందుకమ్మా? నిన్ను ఎవరడిగారు?" అన్నాడు, పాత కోపంతో కాదు, ఇబ్బందిగా. "అక్కకి చెప్పకండి, ఇవ్వండి చాలు," అంది. మొగుడు వద్దనలేదు, చాలన్నదీ లేదు. చట్టప్రకారం మీరు కట్టాల్సింది ఏమీ లేదని ఎస్సై రెండుసార్లు చెప్పి చూసింది.

ఆపిన పద్దెనిమిది వేలు కోర్టు ఉత్తర్వు మీద నర్సమ్మకి చేరాయి. టోకెనమ్మ పంపినవి కలుపుకుంటే లక్షా పదివేలు తిరిగి వచ్చినట్టు. ఇంకా మూడు లక్షల యాభై వేలు రావాలి.